నేను మూసిన బెజ్జం

ఈమధ్య మా తమ్ముడి కొడుకు ఫోన్ చేశాడు. ఊళ్ళో పోచమ్మ గుడి ముందున్న సిమెంటు గుర్రం కాలు విరిగి, లోపలి ఇనుప చువ్వ బయటికి వచ్చిందట. ఈసారి బోనాలకు సిమెంటు వద్దు, వెనకటి లెక్క కాల్చిన మట్టి గుర్రమే పెట్టాలని ఊరివాళ్ళు అనుకున్నారట.

"అత్తమ్మా, మన కుమ్మరోళ్ల ఇంట్లనే చేసేటోళ్లు గద. ఎట్ల చేసిన్రో నీ డైరీలల్ల ఉంటది. జర చూసి ఫోటో కొట్టి పంపు, సాలు" అన్నాడు.

"ఉంటది. రేపటికల్ల పంపుత" అన్నాను.

ఎందుకన్నానో ఆ మాట. పన్నెండో ఏట మొదలుపెట్టిన డైరీలు ఒక ఇనుప బీరువా నిండా ఉన్నాయి. కచేరీలో రికార్డు గదిలో పనిచేసి రిటైరైన దాన్ని. ఎవరు ఏ కాగితం అడిగినా టీ చల్లారేలోగా తీసి బల్ల మీద పెట్టేదాన్ని. అందుకే అన్నాను. ఆ పొద్దు నుంచి మూడు వారాలుగా ఆ మాట నన్ను నిలవనివ్వడం లేదు.

మొదటి డైరీ బెల్లం మండి వాళ్ళు మా నాయనకు ఇచ్చింది. ఆయనకు చదువు రాదు కనుక నాకిచ్చాడు. అట్ట మీద చెరకు గడల బొమ్మ. ఆ ఏడాదే మా ఇంట్లో చివరి పెద్ద గుర్రం తయారైంది. పేజీలు తిప్పాను. నా చిన్ననాటి గుండ్రటి అక్షరాలు:

"ఈరోజు ముసురు. జొన్నరొట్టె, పుంటికూర. గుర్రానికి మట్టి నాలుగు గంపలు తెచ్చినాము. నాయనమ్మ నన్ను రెండుసార్లు తిట్టింది."

నాలుగు గంపలు ఏ మట్టి? చెరువు ఒండ్రా? గుట్ట కింది ఎర్రమట్టా? రెండూ కలిపితే ఏది ఎంత? లేదు. తిట్లు లెక్కపెట్టి రాసుకున్నాను. మరుసటి పేజీలో మా పెద్ద గాడిదకు కాలు బెణికిన సంగతి ఎనిమిది వాక్యాల్లో ఉంది. ఆ తరువాతి పేజీలో కోహీర్ జామకాయలు తిని కడుపునొప్పి. గుర్రం ఎలా చేశారో మాత్రం ఎక్కడా లేదు. ఆ ఇంట్లో అది అందరికీ తెలుసు కదా, రాసుకోవడం ఎందుకనుకుని ఉంటాను. ఇప్పుడు ఆ అందరిలో మిగిలింది నేనొక్కదాన్నే. నాకు తెలియదు.

మా ఊరు జహీరాబాద్ నుంచి ఝరాసంగం పోయే తోవలో ఉంటుంది. ఒక పక్క ఎర్రనేల, ఒక పక్క నల్లరేగడి. ఊరి చివర మా ఇల్లు. దూరం నుంచే వాసన పట్టి చెప్పొచ్చు అది కుమ్మరిల్లని. తడిసిన మట్టి, ఎండిన గాడిద లద్దె, కుండలు కాల్చే ఆవం పొగ. బళ్ళో నా పక్కన కూర్చునే పిల్ల ముక్కు మూసుకుని "నీ దగ్గర పొగసూరిన కుండ వాసన వస్తది" అనేది. అప్పుడు ఆ మాటకు ఏడ్చాను. ఇప్పుడా వాసన కోసం డాబా మీద కూర్చుని తడిమట్టిని ముక్కుకు పెట్టుకుంటే పంపు నీళ్ళ వాసన వస్తోంది.

ఇంటికి పెద్ద మా నాయనమ్మ. పొట్టి మనిషి. వంగిన నడుము, పెద్ద చేతులు. ఎప్పుడూ బుగ్గన వక్కాకు. ఆమె చేసే బొమ్మలు రెండు రకాలు. ఎడ్ల అమావాస్యకు ఇంటింటికీ ఇచ్చే పచ్చిమట్టి ఎడ్లు ఒకటి. అవి పూజ అయ్యాక పిల్లల చేతుల్లో రెండు రోజుల్లో అరిగిపోయేవి. రెండోది మొక్కు గుర్రం. పశువులకు రోగం వచ్చి తగ్గితే, మొక్కుకున్నవాళ్ళు పోచమ్మ ముందు నిలబెట్టే కాల్చిన గుర్రం. నడుమెత్తు ఉండేది. లోపల అంతా బోలు.

ఆ గుర్రానికి ఒక పద్ధతి ఉండేది. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు కుండలు తీసే చక్రం, సారె, ముట్టకూడదు. సారె మీద మగవాళ్ళు నాలుగు కాళ్ళు నాలుగు పొడుగు కుండల్లా తీసి ఇచ్చేవారు, పొట్ట పెద్ద కాగులా తీసి ఇచ్చేవారు. వాటిని అతికి, మెడ, తల, చెవులు, జూలు చేతితో పెట్టేది నాయనమ్మ. కాల్చాక ముఖానికి తెల్లబట్ట చుట్టి గుడి ముందుకు మోసుకుపోయేవారు. అక్కడ ఆమె బట్ట విప్పి, సున్నంతోటి, మసితోటి కండ్లు పెట్టేది. ఆమె వేలు ఆగేదాకా డప్పు ఆగాలి. ఎవరూ ఆమెకంటే ముందు నిలబడకూడదు. పటేల్ అయినా సరే వెనకే. ఏడాది పొడుగునా నెత్తిన కుండల గంపతో వాకిళ్ళ బయట నిలబడి పిలిచే మనిషి ఆ ఒక్కపూట ఊరందరికంటే ముందుండేది. ఆ పొద్దు కట్టుకోవడానికి ఒక ఎర్రంచు చీర మడత పెట్టి దాచుకునేది.

ఆ ఏడాది ఎండాకాలం చివర పటేల్ మా వాకిట్లోకి వచ్చాడు. ఆయన పెద్ద జత ఎడ్లు గాలికుంటు రోగంతో కూలబడి మళ్ళీ లేచాయి.

"కుమ్మరి అవ్వా, పోచమ్మకు మొక్కిన. నా ఎడ్లు లేసి నిలవడ్డయి. బోనాలకు గుర్రం గావాలె."

"ముసుర్ల మట్టి ఆరది పటేలా. ఎడ్ల అమావాస్య దాటనియ్యి."

"మొక్కు ఆగుతదా? మా అల్లుడు ఏమంటుండు తెలుసా? బీదర్ మేస్త్రితోటి సిమెంటు గుర్రం చేపిస్తడట. దానికి ఆరవెట్టుడు లేదు, పలగది, ఏండ్లకేండ్లు ఉంటదట. నేనే వద్దన్న. కుమ్మరవ్వ చెయ్యి పడాలె అన్న."

"అంటే?"

"అంటే ఏముంది. పోయినపారి గుర్రానికి చెవు రాలింది. ఈపారి గిట్ల పలిగితే నా నోరు లేవది వాళ్ల ముందల. ఇగ ఎప్పటికీ సిమెంటే."

ఆయన పోయాడు. నాయనమ్మ వెంటనే మా నాయనను పిలిచి సారె దించమంది. ఆ సారె అప్పటికే గోడకు ఆనించి ఉంది. దాని మీద కోళ్ళు కూర్చునేవి. మా నాయన జహీరాబాద్ బయట కొత్తగా లేచిన ఫ్యాక్టరీలో పనికి కుదిరి మూడు నెలలైంది.

"నాకు నాగా పెడ్తె తీసేస్తరు అవ్వా. ఇప్పుడు ఎవలకు గావాలె గుర్రాలు? సిమెంటుది పెట్టనియ్యి, పీడ పోతది."

"నా కండ్లు నువ్వు పీకుతున్నవ్ రా" అంది నాయనమ్మ. అని, సారె ముట్టకుండానే చేతితో మొత్తం గుర్రం చేయడానికి కూర్చుంది. మట్టిని తాళ్ళలా చేసి, చుట్టు మీద చుట్టు వేసి, తడిచేత్తో నున్నగా చేసి కాళ్ళు లేపింది. అలా చేయడం నేను అంతకుముందు చూడలేదు. బడి సెలవుల్లో ఉన్నాను. తమ్ముడు అమ్మమ్మ ఊరికి పోయాడు, ఆమెకు చేతి కింద నేనే.

నాకు అప్పుడే డైరీ పిచ్చి పట్టింది. ఒక చేతిలో మట్టి, ఒక చేతిలో పెన్సిలు. మట్టిలో ఎండిన గాడిద లద్దె దంచి జల్లించి కలపడం నా పని. దాంతో పాటు ఏదో పొట్టు కూడా కలిపేది.

"ఎన్ని దోసిళ్లు నాయనమ్మా?"

"సాలినన్ని."

"సాలినన్ని అంటే ఎన్ని?"

"మట్టి సాలు అన్నదాంక."

"మట్టి ఎట్ల అంటదే?"

"నీ లెక్క మాత్రం వాగది. ఆ పెన్సిలు అవతల పడేసి చెయ్యి పెట్టు, అదే చెప్తది."

చెయ్యి పెట్టలేదు. డైరీలో రాశాను. ఆ పేజీ ఇప్పుడు నా ముందుంది. "పొట్టు: సాలినంత." ఇలాంటి రికార్డు మా కచేరీలో ఎవడైనా రాసి ఉంటే నేనే మెమో ఇచ్చేదాన్ని.

అల్లరి చేయలేదని కాదు. మిగిలిన మట్టితో ఒక కుక్కను చేసి, దానికి పటేల్ మీసాలు పెట్టాను. రెండు పక్కలా పైకి తిరిగిన మీసాలు. నాయనమ్మ చూసి వక్కాకు గొంతులో పడేలా నవ్వింది. నవ్వి, చటుక్కున దాన్ని అరచేతిలో నలిపేసింది.

"మంచిగ వచ్చింది గదనే! ఎందుకు పాడుచేసినవ్?"

"మంచిగ వచ్చింది గనకనే. ఎవలన్న చూస్తె మొదాలు మీ నాయిన వీపు పలుగుతది." ఆ నలిపిన మట్టి నా చేతిలో పెట్టి, "చెవులు పెట్టుడు నీకు వస్తదే పోరీ. గుర్రానికి ఎడమ చెవు నువ్వు పెట్టు" అంది.

ఆ పొద్దు అమ్మ వెల్లుల్లి కారంతో సజ్జరొట్టె పెట్టింది, ఉలవచారు పోసింది. అంత రుచిగా ఎప్పుడూ తినలేదని రాసుకున్నాను. ఎడమ చెవి ఎలా పెట్టానో రాసుకోలేదు.

గుర్రం నిలబడింది. తల కొంచెం పక్కకు తిప్పి, ఎవరో పిలిస్తే విన్నట్టు. మరునాడు తెల్లవారకముందే నాయనమ్మ తలస్నానం చేసి, మా అందరినీ వాకిట్లోకి వెళ్ళగొట్టి, గుర్రం ఉన్న గది తలుపు వేసుకుంది. కాసేపటికి బయటికి వచ్చింది.

"లోపట ఏం జేసినవ్?" అన్నాను.

"నీకెందుకే? చెప్పే పొద్దు చెప్త."

అమ్మను అడిగాను. "నాక్కూడ చెప్పలే బిడ్డా. పని అప్పజెప్పేనాడు అత్త కోడలికి చెప్తదట. గప్పటిదాంక ఎవలూ చూడొద్దట" అంది. ఆ మాటలో నిష్ఠూరం ఉందో లేదో నాకు తెలియలేదు.

అప్పటి నుంచి నాయనమ్మ గుర్రాన్ని ముట్టుకోలేదు. ఆవం ఎక్కేదాకా ముట్టుకోకూడదట. తడి గోనెలు మార్చడం, రోజూ కొంచెం కొంచెం తిప్పడం, సన్నటి పగుళ్ళు కనిపిస్తే తడిమట్టితో మెత్తడం నాకు అప్పజెప్పింది. "నీ కండ్లు మంచిగున్నయి. ఒక్క నెర్ర ఉండొద్దు" అంది.

ఆమె నాకు అంత పెద్ద పని ఎప్పుడూ ఇవ్వలేదు. బయట ముసురు. దూలాల మీద కుమ్మరి పురుగులు బురద తెచ్చి గూళ్ళు కట్టుకుంటున్నాయి. నేను రోజూ పొద్దున, సాయంత్రం గుర్రం చుట్టూ తిరిగి పగుళ్ళు వెతికేదాన్ని. డైరీలో గీతలు గీసి పెట్టాను: "కుడి తొడ, 2, మూసినాను. మెడ, 1, మూసినాను." ఎంత చక్కని పట్టిక! ఐదో రోజు వెల్లకిలా పడుకుని కడుపు కిందికి జరిగాను. వెనక కాళ్ళ మధ్య ఒక బెజ్జం. గుండ్రంగా, చిటికెన వేలంత.

పురుగు తొలిచిందనుకున్నాను. నాయనమ్మకు చూపు ఆనదు, వంగలేదు, ఆమె చూడలేదు, నేను చూశాను అనుకున్నాను. ఎంత గర్వపడ్డానో! మట్టిని వేలంత ముద్ద చేసి ఆ బెజ్జంలో దూర్చి, బొటనవేలితో గట్టిగా ఒత్తాను. ఎవరికీ చెప్పలేదు. పని పూర్తయ్యాక పట్టిక చూపిద్దామనుకున్నాను. ఆ పేజీలో చివరి గీత: "కడుపు కింద, బెజ్జం 1, మూసినాను."

ఇంకో ఆరు రోజులకు వాన తెరపి ఇచ్చింది. తెల్లవారుతూనే ఆవం పేర్చారు. నడుమ గుర్రం, చుట్టూ కుండలు, సందుల్లో పిడకలు, కంది కట్టె. పైన గడ్డి కప్పి మట్టి మెత్తి నిప్పు పెట్టారు. నాయనమ్మ పక్కన కూర్చుని వక్కాకు నములుతోంది. నేను జొన్న పేలాలు ఒడిలో పోసుకుని తింటున్నాను. పొద్దు నడినెత్తికి రాకముందే ఆవం లోపల ధబ్ మని ఒక చప్పుడైంది. పైన మెత్తిన మట్టి ఒకచోట లేచి పడింది.

"కుండ పలిగి ఉంటది" అన్నాడు నాయన.

నాయనమ్మ నమలడం ఆపింది. "కుండ గాదురా."

మరునాడు బూడిద తీశారు. గుర్రం తల నిలువుగా ఉంది, చెవులు రెండూ ఉన్నాయి. కాళ్ళు ఉన్నాయి. కడుపు లేదు. పెంకులు చుట్టూ కుండల్లోకి చొచ్చుకుపోయి ఉన్నాయి. నాయనమ్మ ఒక్కో పెంకూ ఏరుతూ తిప్పి చూస్తోంది. ఒక పెంకు దగ్గర ఆగింది. దాన్ని వెలుతురుకు పెట్టి చూసింది. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. ఆ పెంకులో నేను దూర్చిన ముద్ద అలాగే ఉంది, దాని మీద నా బొటనవేలి గీతలు కాలి ఎర్రగా గట్టిపడి ఉన్నాయి. ఇంట్లో అంత చిన్న బొటనవేలు నాదొక్కదానిదే.

"ఏమైందే అవ్వా?" అన్నాడు నాయన.

"ఊపిరి తొవ్వ మూసుకపోయింది. లోపటి తడి ఎటు పోవాలె? కడుపు పలగ్గొట్టుకొని పోయింది."

"ఎట్ల మూసుకపోతది?"

నాయనమ్మ నా వైపు చూడలేదు. "కుమ్మరి పురుగు. బురద వెట్టి మూసింది" అంది. ఆ పెంకును చీర కొంగులో ముడి వేసుకుంది.

నేను అప్పుడు నోరు విప్పి ఉండాలి. విప్పలేదు. ఆ సాయంత్రం డైరీ తీసి రాశాను: "గుర్రం పగిలింది. కుమ్మరి పురుగు వల్ల." నేను రాసిన మొదటి తప్పుడు ఎంట్రీ అది. కొన్ని పేజీల ముందే "మూసినాను" అని నా రాతలోనే ఉంది. రెండూ ఒకే డైరీలో అన్నేళ్ళు ఆ బీరువాలో ఉన్నాయి.

పటేల్ వచ్చాడు. నాయనమ్మ ఆయన ముందు ఎప్పుడూ వంచని తల వంచింది.

"తప్పు నాదే పటేలా. ఇంక పదిహేను దినాలు ఇయ్యి. మల్ల లేపుత."

"బోనాలు ఎనిమిది దినాల్ల ఉన్నయి అవ్వా. నా ఎడ్లు మల్ల కూలవడితే ఎవలకు చెప్పుకోవాలె?" ఆయన కోపంగా అనలేదు. నిజంగానే భయపడ్డాడు. పగిలిన కడుపు కేసి చూసి, చెప్పులు వదిలి దండం పెట్టి మరీ వెళ్ళాడు.

బోనాల నాడు నాయనమ్మ ఎర్రంచు చీర కట్టుకుంది. కట్టుకోవద్దని అమ్మ అంటే వినలేదు. "గుర్రం ఎవలు చేసినా కండ్లు నేనే పెట్టాలె. అది మా అత్త నాడు నుంచి ఉన్నది" అంది. ఒక చేతిలో సున్నం చిప్ప, ఒక చేతిలో మసి చిప్ప. నేను కొంగు పట్టుకుని వెంట నడిచాను. గుడి ముందు ట్రాక్టరు మీద నుంచి సిమెంటు గుర్రం దించుతున్నారు. ముఖానికి బట్ట లేదు. తెల్లటి రంగు, ఎర్రటి జీను, పెద్ద పెద్ద నల్లటి కండ్లు, వాటికి రెప్పవెంట్రుకలు కూడా గీసి ఉన్నాయి.

"కండ్లు తెరుసుకొనే వచ్చిందే" అంది నాయనమ్మ నాతో, మెల్లగా.

మేస్త్రి విన్నాడు. మంచివాడే. నవ్వుతూ, "నీకెందుకు తక్లీఫ్ అని నేనే పెట్టిన అవ్వా. ఎట్లున్నయి?" అన్నాడు.

"మంచిగున్నయి నాయినా" అంది.

డప్పు ఆగలేదు. ఆగడానికి కారణం లేదు. జనం ముందుకు జరిగారు. ఎవరో "జర పక్కకు జరుగు అవ్వా" అన్నారు. ఆమె జరిగింది. ఆ రెండు చిప్పలూ చేతిలో పట్టుకుని బోనాలన్నీ దాటిపోయేదాకా నిలబడింది. తిరిగి వస్తుంటే సున్నం ఆరిపోయి చిప్పకు అంటుకుపోయింది. ఇంటికొచ్చాక బెల్లం పూర్ణం పెట్టిన పోలెలు పెడితే ముట్టలేదు. "నాకు ఆకలి లేదు, పోరికి వెయ్యిన్రి" అంది. నేను రెండు తిన్నాను. అదీ రాసుకున్నాను.

ఆ తరువాత ఆమె పెద్ద గుర్రం చేయలేదు. ఎవరూ అడగనూ లేదు. పచ్చిమట్టి ఎడ్లు మాత్రం చేసేది. నేను పదో తరగతికి జహీరాబాద్ వెళ్ళేముందు ఒకరోజు, ఆమె ఎడ్లకు కొమ్ములు పెడుతుంటే, ఏదో ధైర్యం చేసి అడిగాను.

"నాయనమ్మా, గుర్రానికి ఊపిరి తొవ్వ ఎక్కడ పెడ్తరే?"

ఆమె చేతిలో ఎద్దును కింద పెట్టింది. నా ముఖంలోకి చూసింది. ఆమెకు చూపు ఆనదని అందరూ అనేవారు.

"నీకు తెల్వదా?" అంది.

అంతే. నేను చెప్పేదాకా ఆమె చెప్పదని నాకు అర్థమైంది. నేను చెబితే ఆమె అన్నీ చెప్పి ఉండేది, మట్టి పాళ్ళు, పొట్టు, తాళ్ళ చుట్లు, అన్నీ. మా అమ్మకు చెప్పనిది నాకు చెప్పడానికి సిద్ధంగా కూర్చుంది. నేను లేచి రొట్టెలు కాలుతున్నాయో లేదో చూసి వస్తానని లోపలికి పోయాను. మళ్ళీ ఆ మాట మా మధ్య రాలేదు. రెండేళ్ళకు ఆమే లేదు.

ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. తలుపు వేసుకుని దాచిన ఆమె మీదా? ఒక్క ముక్క ముందే చెప్పి ఉంటే నేను మూసి ఉండేదాన్ని కాదు కదా! దాచి దాచి ఏం మిగుల్చుకున్నారు? లేక, దొరికిన ప్రతి బెజ్జాన్నీ మూసేసి పట్టికలో ఎక్కించిన నా మీదా?

ఈ మూడు వారాల్లో డాబా మీద మూడు గుర్రాలు చేశాను. పెద్దవి కావు, మోకాలెత్తు. మొదటిది ఆరుతుంటేనే మెడ దగ్గర తెగింది. రెండోది కాళ్ళు కుంగి కూర్చుండిపోయింది. చూడ్డానికి బర్రెలా ఉందని మా తమ్ముడి మనవరాలు నవ్వింది. మూడోది నిలబడింది. కడుపు కింద పెన్సిలుతో బెజ్జం పెట్టాను. మొగుడంపల్లి వైపు ఒక ఇటుక బట్టీలో బతిమాలి కాల్పించాను. వీపు పగిలి వచ్చింది. బెజ్జం పెట్టినా పగిలింది! ఆ పెంకులు ముందేసుకుని కూర్చుని, ఈ వయసులో, పిల్లలా ఏడ్చాను.

నిన్న బీరువా కింది అర తీశాను. అందులో ఏముందో నాకు తెలుసు. నాయనమ్మ పోయాక అమ్మ నాకిచ్చిన వక్కాకు సంచి అది. అప్పుడే జాబితా రాసి లోపల పెట్టాను: "అడకత్తెర 1, సున్నపు కాయ 1, పెంకు 1." ఆ మూడో వస్తువును ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా బయటికి తీయలేదు. తీశాను.

అరచేతిలో సగం ఉంటుంది. అందులో నా ముద్ద ఇంకా కదలకుండా ఉంది. కళ్ళద్దాలు మార్చుకుని, స్కేలు తెచ్చుకుని చూశాను. బయటివైపు చిటికెన వేలంత, లోపలివైపు బొటనవేలంత. నేను పెన్సిలుతో నిటారుగా పొడిచాను. ఆమె లోపల వెడల్పుగా, బయట సన్నగా, ఒక పక్కకు ఏటవాలుగా తీసింది. నేను ఒత్తిన ముద్ద ఆ ఆకారాన్ని ఉన్నదున్నట్టు పట్టి ఉంచింది. పగిలిన అంచులో పొట్టు కాలిపోయిన గుంటలు సన్నగా, గుండ్రంగా ఉన్నాయి. వరి పొట్టు అలా ఉండదు. కొర్రలు తెచ్చి పక్కన పెట్టి చూశాను. కొర్ర పొట్టే.

ఇన్ని డైరీలు చెప్పనిది అది చెప్పింది. ఎంత పొట్టో మాత్రం చెప్పలేదు. మట్టి ఏదో చెప్పలేదు. బోనాలకు ఇంకా నెల కూడా లేదు.

రాత కాగితం మీద బెజ్జం బొమ్మ గీసి, కొలతలు వేసి, తమ్ముడి కొడుక్కి పంపాను. వెంటనే ఫోన్ చేశాడు.

"దొరికిందా అత్తమ్మా? గిదేంది, పొక్క ఒక్కటే ఉన్నది? గుర్రం ఏది?"

"గుర్రం దొరకలే. పొక్క దొరికింది."

"పొక్క ఎందుకు అత్తమ్మా? ఉత్తగ పొక్క కనవడితే జనం నవ్వుతరు. సిమెంటు పెట్టి మూస్తె పాయె."

కుమ్మరి కొడుకు! నాకు ఒళ్ళు మండిపోయింది. తిట్టడానికి నోరు తెరిచాను. తెరిచి, వాణ్ణి తిట్టే హక్కు నాకెక్కడిదని ఆగిపోయాను. వీడికి ఎవరు చెప్పారు? నాకు ఎవరు చెప్పారు?

"మూయొద్దు రా. కూసో, చెప్త" అన్నాను. మొదటి నుంచి చెప్పాను, తలుపు వేసుకున్న పొద్దు నుంచి నా బొటనవేలి దాకా. "గది నువ్వా అత్తమ్మా?" అన్నాడు వాడు.

"నేనే."

ఫోన్ పెట్టేసి మొదటి డైరీ తీశాను. మా కచేరీలో ఒక నియమం ఉండేది. తప్పుగా రాసినదాన్ని చెరపకూడదు, చింపకూడదు. దాని మీద ఒక గీత కొట్టి, పక్కన సరైనది రాసి, పొడి సంతకం పెట్టాలి. "కుమ్మరి పురుగు వల్ల" అన్న మాటల మీద స్కేలు పెట్టి గీత కొట్టాను. మార్జిన్‌లో "నేను మూసినందువల్ల" అని రాసి సంతకం పెట్టాను.